మారుతాళం

కారు తాళంచెవి పోయిందని ఇన్నేసి పేజీలు రాస్తోందేమిటీవిడ, వేరే పనీపాటా లేదా అనుకుంటున్నారు కదూ? పోయిన చెవి నాది కాకపోతే నేనూ అలాగే అనుకునేదాన్ని. కాస్త ఓపిక పట్టి చదవండి. ఈ గొడవ నా ఒక్కదాని కారుతో ఆగేది కాదని నా అనుమానం.

ముందు కారు సంగతి చెప్పాలి. చెబితే నవ్వుతారు. మా ఆడపడుచు ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. నా నవల ఒకటి టీవీ సీరియల్‌కి తీసుకుని డబ్బిచ్చారు. ఆ డబ్బు చేతికి రాకముందే ఇంట్లో తలా ఒక సలహా పారేశారు. మావారు అమరావతి వైపు స్థలం కొందామన్నారు. మా అబ్బాయి షేర్లన్నాడు. అత్తగారు కంటె చేయించుకోమన్నారు. అందరి మాటా విన్నాను, అందరికీ తలూపాను. తీరా డబ్బు రాగానే హైదరాబాదు వెళ్ళి పదమూడేళ్ళ పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాను. జర్మనీ బండి. పండుమిరపకాయ రంగు. మీట నొక్కితే పైకప్పు దానంతటదే మడత పడి వెనక డిక్కీలోకి వెళ్ళి పడుకుంటుంది. కొత్తగా ఉన్నప్పటి ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. నలభై దాటిన ఆడది ఇలాంటి బండి కొనడమేమిటని అడిగిన వాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పాను. ఇరవైలో నా దగ్గర డబ్బు లేదు.

"రెండు సీట్లేనా? మరి నేనెక్కడ కూర్చోను?" అన్నారు అత్తగారు.

"ఒకటి నాది, ఒకటి మీది," అన్నాను. అంతే. ఆ క్షణం నుంచి ఆవిడ నా పార్టీ.

అమ్మినాయన డాక్టరు. మర్యాదస్తుడు. బండి తీసుకునేటప్పుడు ఒక్క తాళంచెవే ఇచ్చాడు. రెండోదేదండీ అంటే, "మా అబ్బాయి డల్లాసు వెళ్తూ పొరపాటున సూట్‌కేసులో పడేసుకుని వెళ్ళాడమ్మా, తెప్పించి కొరియర్ చేస్తాను," అన్నాడు. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టాం. ఆ కాగితాల్లో ఆర్.సి. పుస్తకం అప్పగించినట్టు ఉంటుంది, ఇన్సూరెన్సు కాగితం అప్పగించినట్టు ఉంటుంది, ఇల్లు అడ్రసు, తండ్రి పేరు, భర్త పేరు అన్నీ ఉంటాయి. తాళంచెవులు ఎన్ని ఉన్నాయి, ఎన్ని అప్పగించారు అన్న వరస మాత్రం ఒక్కటి లేదు. ఆ రోజు నాకూ తట్టలేదు. ఎరుపు రంగు చూసిన కళ్ళకి ఇంకేం కనిపిస్తుంది!

కొరియర్ రాలేదు. ఎనిమిది నెలలు హాయిగా తిరిగాను. ప్రకాశం బ్యారేజీ మీద సాయంకాలం పూట పైకప్పు తీసి వెళ్తుంటే అత్తగారు కొంగు తలచుట్టూ బిగించి, "ఇంకాస్త తొక్కవే," అనేవారు.

పిన్ని మనవరాలి పెళ్ళికి తెనాలి వెళ్ళాం. విజయవాడ నుంచి ఎంత, గంట ప్రయాణం. భోజనాలయ్యాయి. వెళ్ళొస్తామని చెబుతూ చేతిలో ఉన్న చెవిని తాంబూలం సంచీలో పడేసి, సంచీ బల్ల మీద పెట్టి, పెళ్ళికూతురికి అక్షింతలు వేసి వచ్చాను. వచ్చేసరికి సంచీ లేదు. అక్కడ రెండొందల తాంబూలం సంచీలున్నాయి, అన్నీ ఒకటే రంగు, అన్నింట్లోనూ కొబ్బరికాయ, రవికెల గుడ్డ, తమలపాకులు. ఎవరో చుట్టాలావిడ నాది తన సంచీ అనుకుని చక్కా పట్టుకుపోయింది. ఆవిడ గుంటూరు వెళ్ళిందో, గుడివాడ వెళ్ళిందో! రాత్రి పదకొండు గంటల దాకా పందిరంతా గాలించాం. అందరూ తలో మాటా అంటుంటే, డెబ్భై ఆరేళ్ళ మా పిన్ని మాత్రం కుర్చీలోంచి లేవకుండానే ఒక్క ప్రశ్న వేసింది.

"మారుతాళం లేదుటే?"

లేదన్నాను. పిన్ని నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఎందుకలా చూసిందో తరవాత చెబుతాను.

మర్నాడు విజయవాడ ఆటోనగర్ నుంచి తాళాలు చేసే ఆయన్ని వెంటబెట్టుకుని మళ్ళీ తెనాలి వెళ్ళాను. ఆటోనగర్ సంగతి మీకు తెలియంది కాదు. అక్కడ లారీకి ఒళ్ళంతా కొత్తగా కడతారు, అరిగిపోయిన ఇంజను భాగాన్ని మళ్ళీ కోసి నిలబెడతారు. అక్కడి వాళ్ళ చేతిలో బాగవని బండి లేదని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి నిట్టూర్చాడు.

"చెవి కోసివ్వడం నా చేతిలో పనేనమ్మా. తలుపు కూడా తెరుచుకుంటుంది. ఇంజను మాత్రం స్టార్టవదు."

ఎందుకవదని అడిగాను. బి.ఏ.లో చరిత్ర, తెలుగు సాహిత్యం చదివిన మనిషిని, నాకు విడమరిచి చెప్పాలి కదా. పాపం, చెప్పాడు. చెవి పిడిలో బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదిగా ఒక చిప్పు ఉంటుందట. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. చెవి పెట్టే చోట ఒక తీగచుట్ట ఉంటుంది. అది రేడియో తరంగాలు పంపితే ఆ శక్తితోనే చిప్పు మేలుకుని తన గుర్తు చెబుతుంది. బండిలోని కంప్యూటరు ఆ గుర్తుని తన జాబితాలో చూసుకుంటుంది. ఉంటే ఇంజను కదులుతుంది, లేకపోతే ఎంత బాగా కోసిన చెవైనా ఇనప ముక్కే. "ఇదివరకు చెవి తాళాన్ని తిప్పేదమ్మా. ఇప్పుడు బండే చెవిని గుర్తుపట్టాలి," అన్నాడాయన. కొన్ని బళ్ళకి ఆయన దగ్గరున్న మిషనుతో చేస్తాడట. ఈ బండికి మాత్రం కోడు కంపెనీ వాళ్ళు బయటికివ్వరు.

చూశారా, మన భాషలో దాని పేరే తాళం చెవి. తాళానికి చెవి అన్నమాట. ఇన్నాళ్ళూ అది ఇంటివాళ్ళ మాట వినేది. ఇప్పుడు కంపెనీ మాట తప్ప వినదట!

సరే, కంపెనీ షోరూముకే ఫోన్ చేశాను. ఆ కంపెనీకి విజయవాడలో షోరూము లేదు, హైదరాబాదులో ఉంది. ఫోనెత్తిన కుర్రాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదే నన్ను చంపింది.

"వెహికల్ ఎవరి పేరు మీద ఉందండీ మేడం?"

"నా పేరు మీదే."

"ఓకే మేడం. ఒక్కసారి సార్‌తో మాట్లాడిస్తారా?"

"ఏ సార్‌తో?"

"అదే మేడం, బండి వాడే సార్‌తో."

"బండి వాడే సార్‌ని నేనే నాయనా."

ఆ చివర కాసేపు నిశ్శబ్దం. తరవాత పట్టీ చదివాడు. ఆర్.సి., ఆధార్, చెవి పోయినట్టు పోలీసు స్టేషన్లో ఇచ్చిన దరఖాస్తు నకలు, నా చేత్తో రాసిన అర్జీ, మొత్తం డబ్బు ముందుగా. చెవి జర్మనీ నుంచి రావాలి, మూడు నాలుగు వారాలు పడుతుంది. వచ్చాక దాన్ని బండికి పరిచయం చెయ్యాలి కాబట్టి బండి వాళ్ళ దగ్గరికే రావాలి. స్టార్టవని బండి తెనాలి నుంచి హైదరాబాదు ఎలా వస్తుందంటే, అది కస్టమరు చూసుకోవాలి మేడం అన్నాడు. ఎంతవుతుందంటే అతను చెప్పిన అంకెకి మా వీధి చివర సెకండ్‌హ్యాండు స్కూటరొకటి నిక్షేపంలా వస్తుంది.

ఈలోగా తెనాలి మండపం ముందు ఇంకో పెళ్ళివారు దిగి, ఎర్ర కారు పెళ్ళికొడుకుదే కాబోలనుకుని దానికి బంతిపూల దండలు కట్టి, అద్దం మీద వధూవరుల పేర్లు అంటించి ఫొటోలు దిగారు. నా కారుకి జరిగిన ఏకైక సన్మానం అదే. ఆ పూలతోనే రికవరీ వ్యానెక్కి మూడొందల కిలోమీటర్లు ప్రయాణం చేసింది.

మీలో కొందరికి ఇప్పటికే ఒళ్ళు మండుతూ ఉంటుంది, నా మీద. స్పోర్ట్స్ కారు కొనుక్కున్న మహాతల్లికి తాళం ఖర్చొక లెక్కా, అని. ఆ మాట మా ఆడపడుచు నోటితోనే అనేసింది. ఒప్పుకుంటాను, నాకు అన్నం లేకుండా పోలేదు. కానీ ఆవిడ పోయినేడాది కొన్న చిన్న కారు చెవిలోనూ అదే చిప్పుంది. ఇప్పుడు స్కూటర్లకి కూడా స్మార్ట్ కీలు వచ్చాయి. ఇంట్లో ప్రింటరుంటే చూడండి, సిరా అయిపోయి వేరే కంపెనీ సిరా డబ్బా పెడితే, ఇది నా వాళ్ళ సిరా కాదని మొరాయించే రకాలున్నాయి. డబ్బిచ్చి కొన్న వస్తువు మన ఇంట్లో ఉంటూనే పుట్టింటి వాళ్ళ మాట తప్ప వినకపోవడమంటే ఇదే. కోడళ్ళకి లేని స్వేచ్ఛ వస్తువులకిచ్చారు!

చిప్పు ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా తిట్టడం అన్యాయమని కొంత చదివాను. పాత కార్లని దొంగలు రెండు తీగలు కలిపి ఎత్తుకుపోయేవారు. దాన్ని ఆపడానికే ఈ ఏర్పాటు. కొత్త కార్లన్నింటికీ ఇది ఉండి తీరాలని జర్మనీలో 1998 జనవరి నుంచి, ఇంగ్లండులో అదే సంవత్సరం అక్టోబరు నుంచి నియమం పెట్టారు. దొంగతనాలు తగ్గాయి కూడా. సంతోషం. కాబట్టి షోరూము కుర్రాడు ఆధార్ అడిగినందుకు నాకు కోపం లేదు. అడగాలి. అడక్కుండా ఇస్తే రేపు ఎవడో వచ్చి నేనే ఆవిణ్ణని నా కారు పట్టుకుపోతాడు. నా కోపమల్లా ఆ తరవాతి మెట్టు మీద. నేనే యజమానినని రుజువైందా? అయింది. ఆర్.సి. మీద నా పేరుంది, నా ఫొటో ఉన్న కార్డుంది, పోలీసు ముద్ర ఉంది. రుజువయ్యాక కూడా నా కారు గుర్తు నాకెందుకివ్వరు? ఆ కాగితాలే చూసి ఆటోనగర్ ఆయన ఎందుకు చెయ్యకూడదు? దొంగని ఆపడం కోసం వేసిన గేటు దగ్గర టోలు వసూలు చేస్తూ, ఇదంతా మీ భద్రత కోసమే అంటే ఎలా నమ్మడం?

ఆ భద్రత ఏపాటిదో కూడా వినండి. ఎన్నో కంపెనీల కార్లలో వాడే ఒక రకం చిప్పులో లోపాలున్నాయని ఇంగ్లండు, నెదర్లాండ్సు విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2012లో కనిపెట్టారు. ఆ వ్యాసం అచ్చు కాకుండా ఒక పెద్ద జర్మన్ కార్ల కంపెనీ 2013లో లండన్ హైకోర్టు నుంచి ఆపుదల ఉత్తర్వు తెచ్చుకుంది. వ్యాసం బయటికొచ్చింది 2015లో, అదీ ఒక్క వాక్యం తీసేశాక. కథలు రాసేదాన్ని, ఒక్క వాక్యం విలువ నాకు తెలుసు. ఆ వాక్యం దాచడం తప్పని కూడా నేననను. కానీ ఆ రెండేళ్ళూ ఆ కార్లు నడుపుకున్న వాళ్ళకి తమ బండి తాళం గట్టిదో కాదో ఎవరు చెప్పారు?

మన దేశంలో ఇదేం కొత్త తగువు కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. నేరమేమిటంటారా? విడిభాగాలు, బండి జబ్బు కనిపెట్టే పరికరాలు బజారులో దొరక్కుండా చేసి, బయటి మెకానిక్కుల నోట మట్టికొట్టి, కొనుక్కున్నవాళ్ళు తమ సర్వీసు సెంటర్లకే రావలసిన గతి పట్టించారని. కంపెనీలు పై కోర్టులకెక్కాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ, వస్తువుని బాగుచేయించుకునే హక్కు గురించి ఒక కమిటీ వేసింది. ఆ డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, దానికో పోర్టల్ తెరిచారు. వ్యవసాయ పనిముట్లు, సెల్‌ఫోన్లు, ఇంట్లో వాడే యంత్రాలు, వాహనాలు దాని పరిధిలోకి వస్తాయన్నారు. మంచిదే. కానీ పోర్టల్ పోర్టలే, చట్టం కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, షోరూము కుర్రాడికి ఆ మాట చెబితే, "ఐడియా లేదు మేడం," అన్నాడు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం జనం 2012లోనే ఓట్లేసి, కార్ల కంపెనీలు తమ సర్వీసు సెంటర్లకిచ్చే సమాచారాన్ని బయటి మెకానిక్కులకీ ఇవ్వాలని తేల్చారు. ఆ దేశంలో తాళాలు చేసేవాళ్ళు పూర్వాపరాలు పరీక్ష చేయించుకుని పేరు నమోదు చేయించుకుంటే, కంపెనీల నుంచి చెవుల కోడు తీసుకునే పద్ధతి కూడా ఉంది. అక్కడ దొంగలు లేరా? ఉన్నారు. అయినా నడుస్తోంది. ఎవరికిచ్చారో పుస్తకంలో ఉంటుంది కాబట్టి నడుస్తోంది.

ఇప్పుడు పిన్ని చూసిన చూపు సంగతి.

నేను మూడో క్లాసు చదివే రోజుల మాట. ఎండాకాలం సెలవులకి తెనాలి పిన్ని ఇంటికి వెళ్ళేదాన్ని. పిన్ని పెళ్ళికి మా తాతయ్య ఇనప బీరువా కొనిచ్చాడు. పిన్ని రెండు గేదెల్ని మేపి పాలు పోసేది. పాల డబ్బులు ఆ బీరువాలోనే దాచేవారు. బీరువా పిన్నిది, డబ్బు పిన్ని కష్టం, చెవి మాత్రం బాబాయి జంధ్యానికి వేలాడేది. బాబాయి చెడ్డవాడేం కాదు. ఎప్పుడూ లేదనేవాడు కాదు. అడిగితే ఇచ్చేవాడు. అడగాలి, అంతే. దేనికి, ఎంత, మొన్న తీసుకున్నది ఏమైంది, ఇవన్నీ చెప్పాలి. చెప్పాక లేచి, జంధ్యం ముందుకి లాగి, చెవి తిప్పి, లెక్కపెట్టి ఇచ్చేవాడు. బీరువా భద్రంగా ఉండాలి కదా మరి! దొంగల భయం!

అక్క ఆ ఏడు ఇంటరు పాసైంది. డిగ్రీలో చేరతానంది. చదివింది చాలన్నాడు బాబాయి. పిన్ని ఎదురు చెప్పలేదు. ఆదివారం తలంటి పోసుకునేటప్పుడు బాబాయి చెవి విప్పి వంకీకి తగిలించేవాడు. ఆయన పెరట్లో కుంకుడుకాయ పులుసు కళ్ళలో పడి కేకలేస్తున్నప్పుడు, పిన్ని ఆ చెవిని కొత్త సబ్బుబిళ్ళ మీద అదిమి, రెండు వైపులా అచ్చు తీసి, మళ్ళీ వంకీకి తగిలించింది. నన్ను అరుగు మీద కాపలా పెట్టారు. దేనికి కాపలాయో నాకప్పుడు తెలీదు, ఒక బెల్లం ముక్క పెట్టారు, కూర్చున్నాను. రెండ్రోజుల తరవాత, "గొడుగులూ తాళాలూ బాగుచేస్తాం" అని కేకేసుకుంటూ వీధిలో తిరిగే ఆయన వచ్చాడు. ఇనప చక్రానికి వందల చెవులు గుచ్చి భుజాన వేసుకునేవాడు. పిన్ని సబ్బుబిళ్ళ ఇచ్చింది. అతను వేపచెట్టు కింద కూర్చుని ఆకురాయితో గంటసేపు రుద్ది చెవి చేసిచ్చాడు. అయిదు రూపాయలు తీసుకున్నాడు. ఎవరిదమ్మా అనలేదు, సార్‌ని పిలవండీ అనలేదు.

అక్క డిగ్రీలో చేరింది. ఫీజు మేనమామ కట్టాడని బాబాయికి చెప్పారు. తరవాత బి.ఎడ్. కూడా చేసి, హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేస్తోంది. మొన్న పెళ్ళయింది ఆవిడ కూతురికే. బాబాయికి సంగతి తెలిసిందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. తెలిసే కిమ్మనకుండా ఊరుకున్నాడని అక్క అంటుంది. పోయేదాకా చెవి ఆయన జంధ్యానికే ఉంది.

బాబాయి లెక్కలో పిన్ని చేయించింది దొంగతాళం. పిన్ని లెక్కలో మారుతాళం. దొంగ కూడా సబ్బుబిళ్ళ మీద అచ్చు తీస్తాడు కదా అని మీరనవచ్చు. తీస్తాడు. తాళాలాయన ఆ రోజు నిలదీసి అడిగుంటే పిన్ని దగ్గర చూపించడానికి కాగితమేదీ లేదు కూడా. అందుకే అంటున్నాను, నా దగ్గర కాగితముంది. నా పేరున్న కాగితం. పిన్నికి లేనిది నాకుంది. అయినా పిన్నికి అయిదు రూపాయలకి, గంటలో, తన గుమ్మంలో జరిగిన పని నాకు ఇంకొకళ్ళ దయ లేకుండా జరగడం లేదు. కొనుక్కున్న మనిషి మళ్ళీ అడుక్కోవడమేమిటండీ? "అడిగితే ఇస్తాం మేడం," అన్నాడు షోరూము మేనేజరు, చాలా మంచిగా. నాకు బాబాయి జంధ్యం కనిపించింది.

చెవి అయిదో వారంలో వచ్చింది. హైదరాబాదు వెళ్ళాను. ఒకటి చాలదు, రెండు కావాలని ముందే డబ్బు కట్టాను. కంప్యూటరుకి తీగ తగిలించిన కుర్రాడు తెర చూసి తాపీగా అన్నాడు, "మీ బండిలో మూడు కీలు రిజిస్టరై ఉన్నాయి మేడం."

మూడా? ఒకటి తాంబూలం సంచీలో పోయింది. ఒకటి డల్లాసులో ఏ సొరుగులోనో ఉంది. మూడోది? డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఆయన కూడా వేరే వాళ్ళ దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నాననీ, తనకి వచ్చినవి రెండేననీ అన్నాడు. అంటే ఎనిమిది నెలలుగా నా గుమ్మం ముందున్న కారుని, నాకు ముఖపరిచయం కూడా లేని ఎవరో వచ్చి హాయిగా నడుపుకుపోవచ్చన్నమాట. పోతే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట అడిగేది చెవులన్నీ పట్టుకురండి అని. ఎక్కణ్ణుంచి తేను? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ దొంగ ఏ ఇంట్లో ఉన్నాడో కూడా తెలీదు. ఫారం 29లో చెవులెన్ని అని ఒక్క వరస వేసి ఉంటే, అమ్మేటప్పుడు ఈ తెర నాకొక్కసారి చూపించి ఉంటే ఏం పోయేది? పాత ఇల్లు కొన్నవాళ్ళం వెంటనే తాళాలు మార్పిస్తాం. కారుకి మాత్రం ఆ ఊసే లేదు, ఎందుకంటే జాబితా మనకి కనపడదు. కనపడనిదాన్ని అడగాలని ఎవరికి తోస్తుంది?

మూడూ కొట్టేయించాను. కొత్త రెండూ ఎక్కించారు. "ఈ బండికి ఇప్పుడు రెండే చెవులున్నాయని కాగితం మీద రాసివ్వండి," అన్నాను. అలాంటి ఫార్మాట్ లేదన్నారు. లేకపోతే తెల్లకాగితం మీద రాయండన్నాను. హెడ్డాఫీసుని అడగాలన్నారు. అడగండి, కూర్చుంటానన్నాను. మెత్తటి సోఫా, చల్లటి గది, మూడుసార్లు కాఫీ ఇచ్చారు. చేతిసంచీలో సగం రాసిన సీరియల్ భాగం ఉంది, తీసి పూర్తి చేసుకున్నాను. సాయంత్రం ఆరింటికి మేనేజరు తమ లెటరుహెడ్డు మీద రెండు వాక్యాలు రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడం అన్నాడు. మీకు ఏ పాత బండి ఉన్నా వెళ్ళి అడగండి. కొనబోతున్నా, డబ్బిచ్చేముందే అడగండి. పదిమంది అడిగితే ఫార్మాటు అదే పుడుతుంది.

పోయిన చెవి మొన్న దొరికింది. గుంటూరులో ఎవరో పెద్దావిడ తాంబూలం సంచీలోని రవికెల గుడ్డ కుట్టించుకోవడానికి తీస్తే మడతలోంచి జారిందట. భద్రంగా పంపించింది. పెట్టి చూశాను. తలుపు తీస్తుంది, ఇంజను పలకదు. చెవిటి చెవి అయిపోయింది, పాపం.

పోయిన ఆదివారం పిన్నిని కార్లో ఎక్కించుకుని కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళాను. పైకప్పు వెనక్కి వెళ్తుంటే పిల్లలా నోరు తెరుచుకుని చూసింది. బ్యారేజీ సగం దాటాక అడిగింది.

"మారుతాళం చేయించావుటే?"

"చేయించాను పిన్నీ. ఇంట్లో..."

"ఆగు," అని నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఎక్కడ పెట్టావో చెప్పకు. నాక్కూడా చెప్పకు."